ఆడాళ్ళ బెంచీలో మూల సీటు

పోతమ్మ చూడని సినిమా లేదు. అయితే మొదటి నుంచి చివరి దాకా చూసిన సినిమా ఒక్కటీ లేదు. విశాఖపట్నం పాతనగరంలో జలజా టాకీసు ఆడవాళ్ళ గేటు ఆవిడది. టిక్కెట్టు చింపి సగం ముక్క చేతిలో పెట్టడం, చీకట్లో బ్యాటరీ లైటు వేసి బెంచీ చూపించడం, చంటిపిల్ల గుక్కపెడితే తల్లిని బయటికి పంపడం. మగాళ్ళ వైపు నుంచి అడ్డగోడ మీదుగా ఎవడైనా తల ఎత్తితే ఆ తల మీద అదే లైటుతో ఒక్కటి ఇవ్వడం కూడా ఉద్యోగంలో భాగమే. పోర్టులో కలాసీగా చేసే మొగుడు చనిపోయాక కుదిరిన పని అది. గేటు తెర పక్కన ముక్కాలిపీట వేసుకుంటే బొమ్మ సగమే కనబడుతుంది. మిగతా సగం చెవులతో చూసేది. బెంచీల్లో ముక్కులు చీదుతున్నారంటే హీరో చెల్లెలు చచ్చిపోయిందని అర్థం. అందరూ ఒక్కసారి కాళ్ళు చాపుకున్నారంటే పాట అయిపోయిందని అర్థం.

నోటి సంగతి చెప్పక్కర్లేదు. టాకీసు యజమాని గురునాథరావు గారి ముందు కూడా ఆ నోరు మూతపడలేదు.

"బాబూ, మీ సినిమాల్లో ఏ ఆడదైనా పనికెల్లి, ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని ఇంత అన్నం తిన్నట్టు ఒక్క దాన్లోనైనా ఉన్నాదా?" అని ఒకరోజు నిలదీసింది.

"అన్నం తినడం చూడ్డానికి టిక్కెట్టు కొంటారేటే పోతమ్మా?" అని నవ్వేశారాయన.

"ఏడుపు సూడ్డానికి కొంతన్నారు కదా. మా ఇళ్ళల్లో ఊరకనే దొరుకుద్ది."

ఆవిడ పీటని ఆనుకుని ఉండే చివరి బెంచీలో మూల సీటు ఒకటుంది. శుక్రవారం మేటినీకి ఆ సీటు కనకరత్నానిది. పోతమ్మ తోడబుట్టింది.

కనకరత్నానికి పుట్టినప్పుడు పెట్టిన పేరు తాతబాబు. వాళ్ళది యారాడ, చేపలు పట్టే ఇల్లు. తల్లి పోయేనాటికి పోతమ్మకి పదకొండేళ్ళు, తాతబాబుకి నాలుగు. చంకనెత్తుకు పెంచింది. ఒకసారి తండ్రి ఇద్దర్నీ కొండ దాటించి, పడవ దాటించి పట్నం తీసుకొచ్చి సినిమా చూపించాడు. తెర మీద రాణి మెట్లు దిగి వస్తుంటే ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. తిరుగుదారిలో కొండ మీద తాతబాబు తండ్రి తువ్వాలుని పైటలా వేసుకుని, ఆ రాణి నడకే నడుస్తూ దిగాడు. పోతమ్మ చప్పట్లు కొట్టింది. ఆ నడకలో వెక్కిరింత లేదు. నీళ్ళలోకి వదిలిన చేపపిల్లలా ఉన్నాడు. అది పోతమ్మ కళ్ళలో ఉండిపోయింది.

పదహారేళ్ళకి తండ్రి తెడ్డు తీసుకుని కొడితే తాతబాబు ఊరొదిలి వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఎనిమిదేళ్ళకి చీర కట్టుకుని, కనకరత్నమై, పట్నంలో అప్ప పోతమ్మ గుమ్మం ముందు నిలబడింది. రేవు దగ్గర ఒక హోటల్లో పిండి రుబ్బుతోందట, పెరటి వైపు. ముందు వైపుకి రానివ్వరు. పోతమ్మ "తిన్నావేటే?" అంది. అంతకుముందు 'ఒరే' అనే నోరు ఎప్పుడు మారిందో ఆవిడకే తెలియదు.

మొదటి శుక్రవారం టాకీసులో గొడవైంది. చేపల జోగమ్మ లేచి నిలబడి కొంగు బిగించింది.

"పోతమ్మప్పా, మగోణ్ణి తెచ్చి ఆడాళ్ళల్లో కూకోబెడతన్నావేటి?"

"దాని ఒంటి మీద సీరున్నాది, సేతిలో ఆడాళ్ళ టిక్కెట్టున్నాది. నీకేటి నొప్పి? అది నా సెల్లి. నీకు పడకపోతే నువ్వెల్లి నేల మీద కూకో."

నాలుగు వారాలు తిరక్కుండానే ఆ జోగమ్మే తన చంటిదాన్ని కనకరత్నం ఒళ్ళో పడేసి గుర్రుపెట్టి నిద్రపోయింది. ఇంటర్వెల్లో కనకరత్నం క్యారేజీ విప్పేది. నెత్తళ్ళనే చిన్న ఎండుచేపల పులుసు, అన్నం. యారాడ వాసన. ఇద్దరూ ఒకే గిన్నెలో తినేవారు. సినిమా మళ్ళీ మొదలైతే పోతమ్మ ఎడమ చెయ్యి కనకరత్నం భుజం మీద ఉండేది. నవ్వొచ్చినప్పుడు ఆ భుజం తట్టడం ఆవిడ అలవాటు.

డెబ్బై ఎనిమిదిలో ఒక సినిమా వచ్చింది. పేరు చెప్పడం ఆవిడకిష్టం లేదు. అందులో హీరో బజార్లో నడుస్తుంటే చీర కట్టిన మగవాడొకడు చేతులు చరుచుకుంటూ వచ్చి, గడ్డం పట్టుకుని వయ్యారాలు పోతాడు. హీరో కాలెత్తి ఒక్క తన్ను తంతాడు. వాడు వెళ్ళి బురదగుంటలో బోర్లా పడతాడు, చీర నెత్తికెక్కుతుంది. హాలు హాలంతా ఊగిపోయింది. మగాళ్ళ వైపు ఈలలు. ఎవడో గోడవతల నుంచి "కొజ్జా, మీవోడు పడ్డాడే!" అని అరిచాడు. బెంచీలు అదిరాయి. ఆ ఊపులో పోతమ్మకీ నవ్వొచ్చింది. కడుపు పట్టుకుని నవ్వింది.

నవ్వు ఆగాక పక్కకి చూస్తే కనకరత్నం తెర వైపు చూడటం లేదు. పోతమ్మనే చూస్తోంది.

"ఎల్తన్నానప్పా," అంది. ఇంటర్వెల్ గంట ఇంకా కొట్టలేదు. క్యారేజీ విప్పకుండానే పట్టుకుని వెళ్ళిపోయింది.

తరవాతి శుక్రవారం రాలేదు. ఆ తరవాతిదీ రాలేదు. పోతమ్మ మూల సీటు మీద తువ్వాలు పరిచి కూర్చుంది. హాలు నిండిపోయి, ఆడవాళ్ళు తలుపు దగ్గర ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నా ఆ సీటు ఎవరికీ ఇవ్వలేదు. గురునాథరావు గారు అడిగితే "బల్ల ఇరిగినాది బాబూ, ఎవులైనా పడతారు" అని చెప్పింది. ఆరేళ్ళు ఆ బల్ల విరిగే ఉంది.

కనకరత్నం దూరమేమీ పోలేదు. స్టీల్ ప్లాంటు పనులు మొదలయ్యాక గాజువాక వైపు వెళ్ళి ఆటోనగర్లో సొంతంగా ఇడ్లీ బండి పెట్టిందని జోగమ్మే చెప్పింది. బస్సెక్కితే గంట దారి. ఆ గంట దారికి పోతమ్మకి ఆరేళ్ళు పట్టింది. తప్పు ఆ సినిమాదని ఊరంతా చాటేది. తనదని మాత్రం ఒంటరిగా ఉన్నప్పుడు కూడా అనుకునేది కాదు.

కానీ ఆ రోజు నుంచి ఆవిడకి బొమ్మలు వేరేగా కనబడటం మొదలెట్టాయి. మానం పోయిన చెల్లెలు విషం తాగాల్సిందే. దెబ్బలు తిన్న పెళ్ళాం చివర్లో మొగుడి కాళ్ళ మీద పడాల్సిందే. క్లబ్బులో ఆడే పిల్ల హీరోకి తగలాల్సిన తూటాకి అడ్డుపడి, క్షమించమని అడిగి మరీ చావాల్సిందే. మొగుడు పోయాక పోతమ్మ ఒక్క పూట కూడా మంచం మీద పడి ఏడవలేదు, తీరిక ఏదీ? సినిమాలో విధవకి మాత్రం ఏడుపు తప్ప వేరే పని ఉండదు. మరి చీర కట్టిన మగవాడొస్తే తన్ను. ఎందుకొచ్చాడో, ఎక్కడ పడుకుంటాడో, పొద్దున్నే ఎవరికి పిండి రుబ్బుతాడో ఎవరికీ అక్కర్లేదు. తమ ఇంటి మనిషిని ఒక్కసారైనా ఆ తెర మీద చూడాలని ఆవిడకి దాహంలా ఉండేది. కొండ మీద తువ్వాలు పైటేసుకుని దిగిన ఆ నడక ఒక్కటి చూపిస్తే చాలు.

ఎనభై నాలుగుకి వీధిలో జన్నత్ బీ ఇంట్లో టీవీ వచ్చింది. ఆదివారం హిందీ సినిమాకి వీధి వీధంతా అక్కడే. పోతమ్మా వెళ్ళింది. అరగంటలో చప్పట్లు కొడుతూ చీర మనిషి వచ్చాడు, తన్ను తిన్నాడు. జన్నత్ బీ ఆ హిందీ మాటలు తెలుగులో చెప్పబోయింది.

"సెప్పక్కర్నేదు బీబమ్మా," అని లేచింది పోతమ్మ. "బాస ఏరుగానీ తన్ను ఒకటే."

ఆ నెలలోనే డెబ్బై ఎనిమిది నాటి ఆ సినిమా జలజా టాకీసుకి మళ్ళీ వచ్చింది, ఒక్క వారానికి. పోస్టరు చూడగానే పోతమ్మ కాళ్ళు ఆపరేటరు గదిలోకి నడిచాయి. ఆపరేటరు రహమాన్ రీలు చుడుతున్నాడు.

"రహమానూ, ఆ బజారు సీను కోసీ."

"అరే అక్కా, నా నౌకరీ ఊడగొడతావా? రీలు పంపినోళ్ళ మనిషి వచ్చి రీలు ఎన్ని అడుగులుందో కొలుస్తాడు."

"కొలవనీ. పదూళ్ళు తిరిగిన రీలు, అతుకుల బొంత. ఇందులో ఏటి మిగిలినాది కొలవడానికి?"

"నా వల్ల కాదక్కా."

"అలాగేటి? మరి కిలబ్బు డేన్సుల్లో ముక్కలు కోసి నీ బీడీల డబ్బాలో దాసుకున్నావు, అవి నీ వల్లే అయినాయి కదా. మీ ఇంటికెల్లి షరీఫున్నీసాకి సెప్పమంతావా?"

రహమాన్ బీడీ పడేశాడు. పెళ్ళాం పేరు వింటే అతనికి దడ.

"తన్నూ, పడ్డం. అంతే తీస్తా. సీనంతా అంటే దొరికిపోతాను."

మూడు మూరల ముక్క. దాన్ని కాయితంలో చుట్టి బొడ్లో దోపుకుని, మర్నాడు పొద్దున్న పోతమ్మ గాజువాక బస్సెక్కింది.

ఆటోనగర్లో షెడ్లు తీసే వేళ. ఇనుము కోసే చప్పుళ్ళ మధ్య ఇడ్లీ బండి చుట్టూ మెకానిక్కులు మూగి ఉన్నారు. "రత్నమ్మా, రెండు ప్లేట్లు," "రత్నమ్మా, పచ్చడి." కనకరత్నం జుట్టులో తెల్లదనం వచ్చింది. నడుం కొంచెం వంగింది. కుండ మూత తీసి ఆవిరిలోంచి తలెత్తేసరికి ఎదురుగా అప్ప.

"ఎన్ని?" అంది, ఎవరినో అడిగినట్టు.

"నాలుగు."

పోతమ్మ నిలబడే తింది. జనం పలచబడ్డాక కాయితం విప్పి ముక్క చేతిలో పెట్టింది. కనకరత్నం చేతులు కొంగుకి తుడుచుకుని దాన్ని ఎండకి పట్టి చూసింది. ఒకదాని కింద ఒకటి చిన్న చిన్న బొమ్మలు. చీర మనిషి నిలబడి ఉన్నాడు. హీరో కాలు లేచి ఉంది. కదలకుండా ఆగిపోతే అందులో నవ్వడానికేమీ లేదు. తన్నబోతున్నారని తెలిసిన మొహం, అంతే.

"పాపం, ఇంకా పడనేదు," అంది కనకరత్నం. ముక్కని ఇంకాస్త పైకెత్తి, "కుచ్చిళ్ళు మాత్రం తిన్నగా పెట్టుకున్నాడు."

"రహమాన్ చేత కోయించినాను. శుక్రారం రా. ఇంక ఆ తన్ను ఉండదు."

"ఆ తన్నుకి ఎల్లిపోనాననుకున్నావేటప్పా? అలాటివి బయటకొత్తే రోజుకి నాలుగు తింతాను."

పోతమ్మ ఖాళీ ప్లేటు వైపు చూసింది. పక్క షెడ్డులో ఎవడో రేకు మీద సుత్తి పెట్టి కొడుతున్నాడు. ఆ చప్పుడు ఆగేదాకా చూసింది. ఆగింది.

"నాను నవ్వినాను."

"ఊఁ."

"అందరూ నవ్వినారు, నాకూ వచ్చీసినాది. ఆపుకోనేకపోనాను."

"తెలుసు. నా బుజం మీద కొట్టి మరీ నవ్వినావు."

ఆ సంగతి పోతమ్మకి గుర్తు లేదు. ఆరేళ్ళలో ఒక్కసారీ గుర్తు రాలేదు. ఎడమ చెయ్యి దానంతటదే వెనక్కి పోయి కొంగులో దూరింది.

మెకానిక్కు ఒకడు ప్లేటు చాచాడు. కనకరత్నం వడ్డించింది. ఆ మూడు మూరల ముక్క చుట్టి రవికెలో పెట్టుకుంది. "గిన్నెలు కడుక్కోవాల. నువ్వెల్లప్పా, బస్సెలిపోద్ది," అంది. వస్తాననలేదు, రాననీ అనలేదు.

శుక్రవారం పోతమ్మ తువ్వాలు ఉతికి పరిచింది. మేటినీ గంట కొట్టారు, లైట్లు ఆర్పారు. మూల సీటు ఖాళీ. బజారు సీను వచ్చింది. చీర మనిషి చప్పట్లు కొట్టగానే తన్ను రాకముందే హాలు నవ్వేసింది. బొమ్మ ఒక్క గెంతు గెంతింది. మగాళ్ళ వైపు నుంచి "రహమానూ! తన్నేదిరా? మా తన్ను మాకియ్యి!" అని బల్లలు బాదారు. కోసినదాన్ని కూడా వాళ్ళు మర్చిపోలేదు. 

ఇంటర్వెల్లో గేటు తెర తొలగించేసరికి బయట మెట్టు మీద కనకరత్నం కూర్చుని ఉంది. పక్కన క్యారేజీ.

"లోపలికి రా."

"రాను. ఇక్కడ గాలొత్తన్నాది."

పోతమ్మ మెట్టు మీద చతికిలబడింది. నెత్తళ్ళ పులుసు. ఒకే గిన్నె. రేవు వైపు నుంచి ఓడ కూత వినబడింది.

"మన మీద సినిమా తీత్తే ఎలాగుంతాదప్పా?" అంది కనకరత్నం, ముల్లు తీస్తూ.

"ఏటుంతాది? నువ్వు ఇడ్లీలు ఏత్తావు. నాను టిక్కెట్లు సింపుతాను."

"మరి తన్నులూ?"

"ఉండవు."

"కొండ దిగడం ఉండాల. తువ్వాలేసుకుని."

"అది ఉంతాది," అంది పోతమ్మ. "అది మొదట్లోనే పెట్టాల. నాను పీట లోపలికేసుకుని కూకుంతాను. మొదటి నుంచీ సూత్తాను."

"ఎవులు కొంతారప్పా టిక్కెట్టు?"

"మనిద్దరం కొందుం. జోగమ్మకి ఊరకనే ఇద్దుం, ఎలాగూ నిద్దరోద్ది."

కనకరత్నం నవ్వింది. పోతమ్మ ఎడమ చెయ్యి ఆ భుజం దాకా వెళ్ళి, గాలిలో ఆగింది. కనకరత్నం అది చూసింది. గంట మోగింది.

"ఎల్లు, నీ డూటీ."

"వచ్చే శుక్రారం?"

"నెత్తళ్ళు దొరికితే."

పోతమ్మ లోపలికి వచ్చింది. గేటు తెర పూర్తిగా దించలేదు, జానెడు వదిలింది. ఆ సందులోంచి మెట్టు మీద చీర అంచు కనబడుతోంది. ఆలస్యంగా వచ్చిన పిల్లతల్లి ఒకామె చీకట్లో తడుముకుంటూ తువ్వాలు పరిచిన సీటు దగ్గర ఆగింది.

"అప్పా, ఇది కాళీయేనా?"

"కాదమ్మా," అంది పోతమ్మ, లైటు ముందు బెంచీ మీదికి తిప్పుతూ. "మనిషి బయటే ఉన్నాది."