నర్సమ్మ ఒలిచిన గుమ్మడి గింజలు

మంగళవారం పొద్దున మా ఆయనకు క్యారియర్ కడుతుంటే కంబదూరు నుంచి ఆడబిడ్డ ఫోను చేసింది. "వదినా, నర్సమ్మ పోయింది. రాత్రి బాగానే అన్నం తిని పండుకొనింది. తెల్లారి లేయలేదు" అంది. ఆయన జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డుకు సెలవు చెప్పాడు. ఇద్దరం రాయదుర్గంలో దొరికిన మొదటి బస్సు ఎక్కాం.

నర్సమ్మ మాకు చుట్టం కాదు. మా అత్తవారి వీధి చివర, చర్చి పక్కన అద్దెకుండే గవర్నమెంటు నర్సు. ఉద్యోగం అయిపోయాక కూడా ఊరు వదల్లేదు. కంబదూరులో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. చిన్నా పెద్దా అందరికీ నర్సమ్మే. వెనకాల మాత్రం గింజల నర్సమ్మ అనేవాళ్ళు.

ఆ పేరు ఊరికే రాలేదు. వాన ముఖం చూపించిన ఏడాది శెనక్కాయ చేల గట్ల మీద గుమ్మడి తీగలు పాకుతాయి. పెద్దల అమావాస్యకు ఇంటింటా గుమ్మడికాయ కోస్తారు. మేం ముక్కలు కూరలో వేసి, గింజలు పీచుతో సహా దిబ్బలో పారేసేవాళ్ళం. నర్సమ్మ ఆ రోజు గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా మామ ఆమెను గడపలోనే నిలబెట్టి అడిగాడు.

"ఏమ్మా నర్సమ్మా, దిబ్బలో పోసేది నీకెందుకు?"

"కండ మీరు తింటాండారు, బలం దిబ్బకు పోస్తాండారు. అందుకే అడుగుతాండా, పెట్టప్పా."

మామ నవ్వి, నాతో గింజలన్నీ తెప్పించి గిన్నెలో పోయించాడు.

ఆ గింజల్ని నాలుగు నీళ్ళలో కడిగి, పాత చీర మీద నీడన ఆరబెట్టి, సన్నని మంట మీద వేయించేది. శెనక్కాయ పీకే రోజుల్లో కూలికి పోయిన ఆడవాళ్ళు సాయంత్రానికి పిక్కలు పట్టేసి అరుగు మీద కూలబడితే, ముందు చెంబెడు నీళ్ళు తాగించి, తర్వాత పిడికెడు గింజలు చేతిలో పోసేది. "ఇనుము ఉండాది, జింకు ఉండాది, మెగ్నీషియం ఉండాది. మంచి కొవ్వు, పీచు కూడా. చలి మొదలైతాంది, ఒళ్ళు ఎండిపోయే కాలం. నమలండే" అనేది. ఎవరైనా రెండో పిడికిలికి చెయ్యి చాస్తే ఆ చేతి మీద ఒక దెబ్బ వేసేది. "పిడికెడు తింటే బలం. చాటెడు తింటే కడుపుబ్బరం." బీపీ ఉన్న మా అత్తకు ఉప్పు వేయకుండా వేరే వేయించేది. పిల్లల కడుపులో పురుగులు పోతాయా అని ఎవరో అడిగితే, "దానికి బళ్ళో మాత్ర ఇస్తారు, అది మింగించు. గింజ మీద అంత బరువు పెట్టొద్దు" అంది. నర్సు కదా, తిండిని తిండిగానే చెప్పేది.

కాపురానికి వచ్చిన మరుసటి ఏడాది నేను కడుపుతో ఉన్నాను. ఐదో నెల. మా ఆయనకు అప్పటికే రాయదుర్గంలో పని, ఆదివారాలు వచ్చేవాడు. నర్సమ్మ నా కన్రెప్ప కిందికి లాగి చూసింది. లోపల తెల్లగా పాలిపోయి ఉందట. రక్తం బాగా తక్కువని పరీక్షలో తేలింది. పెరక్కపోతే కాన్పుకు అనంతపురం పెద్దాసుపత్రికి పోవాల్సి వస్తుంది, రక్తం ఎక్కించాల్సి వస్తుంది అని డాక్టరమ్మ చెప్పింది. ఐరన్ మాత్రలు ఇచ్చారు. అవి మింగితే నాకు కడుపులో తిప్పేది. ఇంట్లో చెప్పడానికి భయపడి, మింగినట్టు నటించి, మాత్రల అట్టలు వంటింటి గూట్లో జల్లెడ కింద దాచేదాన్ని.

ఒకరోజు నర్సమ్మ గింజలు జల్లించడానికి జల్లెడ అడుగుతూ తనే గూట్లో చెయ్యి పెట్టింది. అట్టలన్నీ బయటపడ్డాయి. మా అత్త పక్కనే పొయ్యి వైపు తిరిగి ఉంది. నర్సమ్మ ఆ అట్టల్ని గమ్మున గింజల గిన్నెలో వేసి పైన గుడ్డ కప్పింది. అత్తకు ఒక్క మాట చెప్పలేదు. పోతూ పోతూ నన్ను వాకిట్లోకి పిలిచింది.

"ఎప్పట్నుంచి మింగలేదే?"

"నెలైంది, నర్సమ్మా. వాంతి వస్తాంది."

"నాతో చెప్పింటే ఏమైతాండె? రేపట్నుంచి సాయంత్రం నేనే వస్తా. కూర్చోని గింజలు ఒలుస్తాం."

అన్నట్టే వచ్చింది. అన్నం తిన్న తర్వాత మాత్ర, దాంతోపాటు నిమ్మకాయ నీళ్ళు. మాత్రను ఒంటికి పట్టనీయదని ఆ పూట టీ బంద్. మాత్ర మింగాక నా ఎదురుగా చాప మీద కూర్చుని గోటితో గింజలు ఒలిచి నా చేతిలో వేస్తూ ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేది. నవ్వుతుంటే తిప్పడం మరిచిపోయేదాన్ని. పండగ లేదు, ఆదివారం లేదు, చర్చి నుంచి నేరుగా మా ఇంటికే వచ్చేది. అమ్మ పోయిన తర్వాత నన్ను కూర్చోబెట్టి తినిపించినవాళ్ళు ఎవరూ లేరు.

ఎనిమిదో నెలకు రక్తం పెరిగింది. కళ్యాణదుర్గం ఆసుపత్రిలోనే సుఖంగా కాన్పయింది. ఆడపిల్ల. చూడడానికి వచ్చిన నర్సమ్మ చేతులు పట్టుకుని, "నీ గింజలే నన్ను కాపాడినాయి" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "మాత్రలే కాపాడింది. గింజలు నీ పక్కన కూర్చునేకి సాకు. అట్లని వట్టివేం కాదు, మానొద్దు."

నేను మానలేదు. ఆ పిల్ల ఇప్పుడు అనంతపురంలో డిగ్రీ చదువుతోంది, హాస్టలు గదిలో గింజల డబ్బా పెట్టుకుని.

మంగళవారం చర్చి ముందు నిలబడితే, సగం ఊరు అక్కడే ఉంది. నాలాంటి ఆడవాళ్ళు, వాళ్ళ పిల్లలు. ఎవరూ పెద్దగా ఏడవలేదు. ఒక్కొక్కరు నర్సమ్మ తిట్టిన ఒక్కో తిట్టు గుర్తు చేసుకుని నవ్వుకున్నారు. నిండుగా బతికిన మనిషి.

పోయిన దీపావళి మర్నాడు అమ్మాయీ నేనూ ఆమె దగ్గరికి పోయాం. పళ్ళు పోయాయి కదా అని గింజలు, బెల్లం కలిపి పొడి కొట్టి తీసుకెళ్ళాం. లేత ఎండలో గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. కళ్ళు మూసుకుని ఉన్నాయి. ఒళ్ళో ఉన్న అరచేతిలో ఒలిచిన గింజలు. పక్కింటి కోడిపెట్ట ఒకటి అటూ ఇటూ చూసి, దగ్గరికి వచ్చి, ఆ చేతిలోంచి ఒకటి పొడుచుకుంది. మేం అదిలించబోయాం. నర్సమ్మ కళ్ళు తెరవలేదు.

"నిదానంగా తినే, యాడికి పోతావు" అంది కోడితో.

అది ఒక్కో గింజే ఏరుకుంటోంది. ఆమె ఆ చేతిని కదపకుండా ఇంకాస్త కిందికి దించింది.