జొన్నకోత కొడవలి

జమ్మలమడుగులో ప్రొద్దుటూరు బస్సెక్కి ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను. ముందు సీట్లో ఎవరో ఫోనులో మా సీమ మీద తీసిన సినిమా పెట్టినారు. అన్నీ బాంబులు, నరుకుళ్లే. నాకు నవ్వొచ్చింది. కోస్తాలో చదువుకునేటప్పుడు మాది పులివెందుల అనగానే స్నేహితులు భయపడినట్టు నటించేవాళ్లు. నేనూ మీసం మెలేసి వాళ్ల సరదా తీర్చేవాణ్ణి.

"నన్ను గూడా ఇట్లాంటి దాంట్లో నిలబెట్టినార్లేప్పా," అన్నాడు పెద్దాయన.

వాళ్ల ఊరి పక్కన షూటింగు జరిగిందంట. ఈయన చేతికి కొడవలిచ్చి, హీరో మీదికి పరిగెత్తమన్నారంట.

"పరిగెత్తినా. డైరెక్టరు ఆపమని అరిచినాడు. ఏందప్పా అంటే, నా ఎడం చెయ్యి చూపించినాడు."

ఆ చెయ్యి ఎట్లుండిందో పెద్దాయన నాకూ చూపించినాడు. నడుము కాస్త వంచి, ఎడం చేత్తో జొన్నదంట్లు గుప్పిట పట్టినట్టు పట్టి, కుడిచేత్తో దంటు మొదలుకాడ కోసినట్టు లాగినాడు.

"మూడుసార్లు తీసినా ఇదే. 'సీమలో పుట్టి కొడవలి పట్టుకోవడం రాదా?' అన్యాడు. నాకు శానా మండింది. 'సీమలో ఇట్లనే పట్టుకుంటారప్పా. నువ్వు చెప్పినట్ల పట్టుకునేటోళ్లు యాడుంటారో నువ్వే ఎతుక్కో' అని, దాన్ని ఆడ్నే పారేసి శేనికాడికి పోయినా."

ఆయన పేరు అడగలేదు. మీసం మెలెయ్యడం మాత్రం ఆ రోజుతో మానేసినాను. ఇప్పుడెవరైనా మా ఊరి పేరు విని కన్ను గీటితే, ఎడం చెయ్యి చాపి గుప్పిట పడతాను. అదేందని అడుగుతారు. చెప్పడం అయ్యేదాకా వాళ్లను లేవనియ్యను.