వత్తు లేని తిట్టు చెల్లదు

ప్రూఫుల బాబాయికి తిట్టంటే కోపం లేదు. తప్పుగా రాసిన తిట్టు చూస్తేనే ఒళ్లు మండేది. పైగా ఆయన ఉద్యోగమే తిట్లు చదవడం కాబట్టి, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా మండుతూనే ఉండేది.

ఆ కంపెనీ ఫోన్లలో ఆడుకునే కోటల ఆట ఒకటి నడిపేది. ఎక్కడెక్కడివాళ్లో పదేసి మంది జట్టుకట్టి ఎదుటివాళ్ల కోట పడగొట్టాలి. ఆడుతూ ఒకరికొకరు మాటలు రాసుకోవచ్చు. కోట కూలినవాడు ఊరుకుంటాడా, తిడతాడు. చెప్పుల దుకాణం పైన మూడో అంతస్తు హాల్లో పన్నెండు మంది కూర్చునేవారు. ఆ తిట్లన్నీ వచ్చి వాళ్ల తెరల మీద పడేవి. నిమిషంలోపు ఏదో ఒక మీట నొక్కాలి. వదిలెయ్యడం, తుడిచెయ్యడం, ఒకరోజు నోరు కట్టెయ్యడం, ఆటలోంచి వెళ్లగొట్టడం. అంతే పని.

ఆ పన్నెండు మందికీ పైన సూపర్‌వైజరు ఒకావిడ. బాబాయిని తీసుకున్న పాపం ఆవిడదే. జనం రాసే తిట్లలో సగం తప్పుల తడకలు. అది తిట్టో, ఊరి పేరో తేలక కుర్రకారు బుర్రలు బద్దలు కొట్టుకునేవారు. అందుకని, అచ్చాఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లు ప్రూఫులు దిద్ది, అది మూతపడి ఖాళీగా ఉన్న ఈయన్ని పిలిపించింది.

"మీకు తిట్లు వచ్చా?" అని అడిగింది.

"తిట్టడం రాదు తల్లీ. రాయడం వచ్చు."

ఆ జవాబు నచ్చి చేర్చుకుంది. దాని అర్థం మర్నాడు తెలిసింది.

కోటగోడ ఎక్కుతున్న ఒకాయన పక్కవాణ్ని 'ఓరి వెదవా' అన్నాడు. బాబాయి మీట నొక్కలేదు. కళ్లజోడు సర్దుకుని, కంపెనీ ముద్రతో జవాబు రాశాడు. 'అయ్యా, మీరు రాసినదానిలో ద తప్పు. వత్తున్న ధ వాడాలి. సరిచేసి పంపితే చర్య తీసుకుంటాము.'

'ఎవడ్రా నువ్వు' అని వచ్చింది.

'ఇది ప్రశ్న. చివర ప్రశ్నార్థకం మరిచారు.'

ఈ గొడవలో ఆయన గోడ మీంచి కింద పడ్డాడు. కోటా పోయింది.

రెండు వారాలయ్యేసరికి ఆటలో బాబాయి పేరు మారుమోగింది. ఒకసారి రెండు జట్లు శుంఠ అన్న మాట మీద తగువుపడ్డాయి. ఒకడు 'సుంట' అంటాడు, ఇంకొకడు 'శుంఠ' అంటాడు. ఇరవై మంది కత్తులు కిందపెట్టి కోటగుమ్మం ముందు నిలబడి, పెద్దాయన్ని పిలవండి అని పట్టుబట్టారు. బాబాయి వచ్చి 'శుంఠ' అని తీర్పు చెప్పాడు. ఓడినవాళ్లు కోట తలుపులు తీసి లోపలికి రమ్మన్నారు. ఆట తయారుచేసినవాళ్లు, ఇలా కూడా గెలవొచ్చని మాకే తెలీదే అని తల గోక్కున్నారు.

ఒకనాడు ఆయన ఇంట్లో మరిచిపోయిన కళ్లజోడు ఇవ్వడానికి భార్య ఆఫీసుకు వచ్చింది. సూపర్‌వైజరు ఆవిణ్ని కూర్చోబెట్టింది.

"ఇంట్లో కూడా ఇంతేనా పిన్నీ?"

"ఇంతేనా అంటే? పెళ్లయిన కొత్తలో కోపమొచ్చి, ఇక మీ మొహం చూడనని చీటీ రాసిపెట్టి పుట్టింటికి పోయాను. నాలుగోరోజు పోస్టులో అదే చీటీ వచ్చింది, ఎర్రసిరాతో ఏడు తప్పులు దిద్ది."

"అప్పుడేం చేశావు?"

"ఏడు కాదు, ఆరే అని దెబ్బలాడ్డానికి తిరిగొచ్చాను. ఇంకా తేలలేదు."

నవ్వుకోవడానికి బాగానే ఉంది గాని, నిమిషంలో తేలాల్సిన పని బాబాయికి పదకొండు నిమిషాలు పట్టేది. చివరికి మేనేజరు సూపర్‌వైజర్ని గదిలోకి పిలిచాడు.

"ఆటలో కొరివి అని పేరు పెట్టుకున్నవాడు ఒకడున్నాడు. మూడుసార్లు తిడితే వెళ్లగొట్టాలని కదా మన రూలు. వాడు రెండు నెలల్లో మూడొందల పన్నెండుసార్లు తిట్టాడు. మీ బాబాయి మూడొందల పన్నెండుసార్లు దిద్దాడు. వాణ్ని వెళ్లగొట్టలేనివాడు మనకెందుకు? ఉత్తరం రాసి ఉంచాను, ఇచ్చెయ్యి."

ఆవిడ ఉత్తరం పట్టుకుని తన బల్ల దగ్గరికి వచ్చింది. చేతులు రాలేదు. ఇచ్చేముందు ఆ మూడొందల పన్నెండూ ఒకసారి చదువుదామని తెర తెరిచింది.

మొదటి పది అచ్చంగా బూతుల బుట్టే, అదీ ఒక్క అక్షరమూ తిన్నగా లేనిది. పదిహేనో తిట్టులో దీర్ఘం కుదిరింది. ముప్ఫయ్యోదానిలో వత్తు. నలభై దాటాక ఆవిడ కుర్చీలో ముందుకు జరిగింది.

'ఒరేయ్ చవటా, సార్, నిచ్చెనలో చ కింద ఏ వత్తు వస్తుంది?'

'చవట సరిగ్గా రాశారు, సంతోషం. నిచ్చెనలో చ కింద చ వత్తే.'

'దద్దమ్మా, హాజరు అని రాయాలి సార్. మొదట దీర్ఘమేనా?'

'దీర్ఘమే. దద్దమ్మ కూడా బాగా కుదిరింది.'

ఇంకా కిందికి వెళ్తే సంగతి తేలింది. కొరివి అంటే నలభై ఆరేళ్ల వెల్డింగు పనివాడు. బడి ముఖం చూసింది రెండేళ్లే. పనిలో చెయ్యి తిరిగినవాడని పదకొండు మందికి పెద్దను చేస్తామన్నారు. పెద్ద అయితే రోజూ ఎవరొచ్చారు, ఏం చేశారు, ఏది విరిగిందని పుస్తకంలో రాయాలి. రాయడం రాదని చెప్పుకోలేక, ఆ పదవే వద్దని చెప్పబోతున్నాడు. అంతలో ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి తన తిట్టు దిద్దాడు. కానీ మంచిమాట రాస్తే ఈ హాలు దాకా రాదు, తిట్టుంటేనే వస్తుంది; బాబాయి ఒకసారి దిద్దినవాడిది మళ్లీ ఆయన తెర మీదే పడుతుంది. అందుకని పాఠం కావాల్సినప్పుడల్లా ముందు ఒక తిట్టు తగిలించేవాడు.

సూపర్‌వైజరు బాబాయి బల్ల దగ్గరికి వెళ్లింది.

"ముందే చెప్పొచ్చు కదా బాబాయ్."

"ఏమని చెప్పను తల్లీ? పదకొండు మందికి పెద్ద కాబోతున్నాడు. నలుగురికీ తెలిస్తే నామోషీ."

"రాయడం రాదని మీకెలా తెలిసింది?"

"తొందరలో పోయే అక్షరం వేరు, తెలియక పోయే అక్షరం వేరు. మొదటిరోజే తెలిసింది. అలాంటివాళ్లు ఇంకో తొమ్మిది మంది ఉన్నారు. తప్పు దిద్దాలి గాని కాగితం చింపకూడదు కదా." అంటూ ఆవిడ చేతిలోకి చూశాడు. "అదేమిటి?"

ఆవిడ దాచబోయింది. ఆయన తీసుకున్నాడు. చదివాడు. జేబులోంచి ఎర్రకలం తీసి నాలుగుచోట్ల గీశాడు. 'మీ సేవలు ఇక అవసరం లేధు' అన్నచోట ఆగి, ధ చుట్టూ సున్నా చుట్టాడు.

"ఇక్కడ అవసరం లేనిది వత్తు" అన్నాడు. బల్ల మీది గ్లాసూ కండువా సర్దుకోవడం మొదలుపెట్టాడు.

ఆవిడ ఆ కాగితం, ఆ మూడొందల పన్నెండు ముక్కల అచ్చు కలిపి మేనేజరు ముందు పడేసింది.

"నోరు కట్టేసినవాళ్లంతా మర్నాడే ఇంకో పేరుతో వచ్చి తిడుతున్నారు సార్. ఈయన దిద్దినవాళ్లు, ఎక్కడ తప్పు దొర్లుతుందోనని తిట్టడమే మానేస్తున్నారు. ఇది కూడా చదవండి. చదివాక కూడా ఆయన్ని పంపించెయ్యమంటే మా ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాయండి."

మేనేజరు కొరివి పాఠాలు మొదటినుంచి చదివాడు. నిచ్చెన దగ్గర నవ్వాపుకున్నాడు. పదవి వద్దనబోయిన చోట కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తరవాత తన ఉత్తరం చేతిలోకి తీసుకున్నాడు. ఎర్రగీతలు చూసేసరికి మొహంలో రంగు మారింది.

"ఈ లేదు అన్న మాట... నేను పై ఆఫీసుకు రోజూ ఇలాగే రాస్తున్నానే."

"రాస్తున్నారు సార్."

ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"ఆయన ఆఫీసు ఉత్తరాలు కూడా చూస్తాడేమో కనుక్కో."

బాబాయి గ్లాసూ కండువా మళ్లీ బల్ల మీదికి చేరాయి. వారం తిరక్కుండా ఆటలో కొత్త మీట ఒకటి పెట్టించారు. దానిమీద 'అడగండి' అని ఉంటుంది. అది నొక్కితే తిట్టక్కరలేకుండానే మాట నేరుగా బాబాయికి చేరుతుంది.

మొదటిరోజు దానిలోంచి వచ్చిన మొదటి మాట కొరివిదే. సూపర్‌వైజరు బాబాయి భుజం మీంచి చదివింది. 'సార్, పెద్ద పని ఒప్పుకున్నాను. పుస్తకంలో మొదటి పుట రాశాను. మీకు చెప్పాలనుంది గాని, తిట్టు లేకుండా మీతో మాట్లాడాలంటే నోరు రావడం లేదు.'

ఒక్క తప్పూ లేదు. బాబాయి రెండుసార్లు వెతికాడు. చివరికి రాశాడు:

'మొహమాటపడకండి. అలవాటయ్యేదాకా ఒకటి తగిలించండి. నేనేమీ అనుకోను.'