మూడు పంచర్ల సాక్షి

మునిరత్నానికి ఈ లోకంలో ఎవరిమీదా నమ్మకం లేదు. ముప్ఫై ఏళ్ళు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. భార్య వరలక్ష్మమ్మ కాఫీ ఇస్తే గ్లాసును వెలుతురుకు పెట్టి చూసేవాడు. "ఇవి పొద్దుటి పాలేనా?" అనేవాడు. "తాగి నువ్వే చెప్పు, నాకూ తెలుస్తాది" అనేదామె. ఒకసారి పెళ్ళికి పోయి, పీటలమీద ఉన్నవాడూ శుభలేఖలో ఉన్నవాడూ ఒకడేనా అని పురోహితుణ్ణి పక్కకు పిలిచి అడిగాడు.

రేణిగుంట రోడ్డులో పంచర్ అంగడి పెట్టుకున్న హబీబ్‌కు ఆయన ఎనిమిదేళ్ళ తలనొప్పి. స్కూటర్ ట్యూబును హబీబ్ నీళ్ళతొట్టిలో ముంచితే, కళ్ళజోడు సర్దుకుని తానూ తొట్టిలోకి వంగేవాడు.

"బుడగ రాలేదు కదన్నా."

"నేను సూస్తా ఉండానని రాలేదేమో. ఇంకోసారి ముంచు."

బస్సు చార్జీలు పెంచిన రోజు తిరుపతిలో గొడవలయ్యాయి. హబీబ్ అంగడి గుర్తుకోసం రోడ్డువారన వేలాడదీసిన పాత టైరును ఎవరో పీక్కుపోయి, బస్సు కింద పెట్టి అంటించారు. టైరు సగం కాలింది గానీ, దానిమీద తెల్లరంగుతో రాసిన హబీబ్ పేరు మాత్రం చెక్కుచెదరలేదు. పోలీసులకు అంతకంటే ఏం కావాలి? నిందితుల జాబితాలో అతనిదే మొదటి పేరు. విచారణాధికారి కూడా నమ్మకపోతే ఇక జైలే.

సాక్షిగా మునిరత్నాన్ని పిలిచారని విని హబీబ్ నీరుగారిపోయాడు. "ఆయప్ప ఇంట్లో కాఫీనే నమ్మడు. కండ్లారా సూసినా నన్ను నమ్ముతాడా?" అన్నాడు భార్య బుష్రాతో.

విచారణ హాల్లో మునిరత్నం ముందుగా అధికారినే గుర్తింపు కార్డు చూపించమన్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఫోటోలో మీసం ఉండాది. ఈడ లేదే?"

"తీసేశానండీ."

"ఎందుకు?"

హాలంతా నవ్వింది, హబీబ్ తప్ప. అధికారి గొంతు సవరించుకున్నాడు.

"బస్సు కాలేటప్పుడు హబీబ్ ఎక్కడున్నాడు?"

"నా ముందరే, నా స్కూటర్‌కు పంచర్ ఏస్తా ఉండాడు. టైరు పీక్కపోయినోళ్ళు వేరే. మొగాలకు గుడ్డలు కట్టుకోనుండారు."

"మీరక్కడ ఎంతసేపున్నారు?"

"మూడు గంటలు."

ఈసారి అనుమానపడటం అధికారి వంతైంది. "ఒక్క పంచర్‌కు మూడు గంటలా?"

"మూడు పంచర్లు సార్."

"ఒకే రోజా?"

మునిరత్నం హబీబ్ వైపు చూడకుండా, గొంతు తగ్గించి చెప్పాడు. "మొదటిది రోడ్డుమీద పడింది. తక్కిన రెండూ నేనే మేకుతో పొడిసినా."

"ఎందుకు?"

"గుంపు ఆ పక్కకే వస్తా ఉండాది. అంగడి మూసుకోని పొమ్మంటే వాడు ఇనడు. తోడుంటానంటే, నీకెందుకన్నా ఇంటికి పో అంటాడు. ఒంటిగా ఇడిసిపెట్టి యాడికి పోయేది?"

ఆ రోజు మూడో పంచర్‌కు ఆయన్ని ఎంత విసుక్కున్నాడో గుర్తొచ్చి హబీబ్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆ ముసలాయనమీద పట్టరాని ప్రేమ కలిగింది.

అధికారి పెన్ను తీసి జాబితాలో హబీబ్ పేరు కొట్టేశాడు. మునిరత్నం బల్లమీదికి వంగి చూశాడు.

"ఇంకో గీత గీయండి సార్. పేరు ఇంకా కనపడతా ఉండాది."