ఇంట్లో పిల్లలు లేరు

చేతిలో ట్యాబు పట్టుకుని నవ్వుతూ వచ్చేవాళ్ళను నేను నమ్మను. అడగడానికి వచ్చామంటారు గానీ, జవాబు ముందే రాసిపెట్టుకుని వస్తారని నా అనుమానం. అందుకే కోల్‌కతా నుంచి చదువుల మీద పరిశోధన చేసే అమ్మాయి మా ఖరగ్‌పూర్ వచ్చినప్పుడు, ఆమెకు తోడుగా తిరగడానికి ఒప్పుకున్నాను. సాయం చేద్దామని కాదు, ఏం రాసుకుంటుందో కనిపెడదామని.

రైల్వే కాలనీ కమ్యూనిటీ హాల్లో సాయంత్రాలు నేను పిల్లలకు తెలుగు చదవడం నేర్పేదాన్ని. బడిలో తెలుగు ఎప్పుడో పోయింది, మిగిలింది ఈ క్లాసే. హాలు కమిటీకి ఆ వేళ మీద కన్నుంది, కంప్యూటర్ కోచింగుకు ఇవ్వాలని. పైకి మాత్రం "పరిశోధన ఏం చెబితే అదే చేద్దాం, దీదీ" అన్నాడు సెక్రటరీ. ఇంటి భాషలో ముందు చదవడం పట్టుబడితే మిగతా భాషలు తేలిగ్గా వస్తాయని ఆ అమ్మాయే చెప్పింది. అయితే ఇక్కడ తెలుగు పిల్లలు ఉన్నారో లేదో ఇల్లిల్లూ తిరిగి తేల్చాలట. మావాళ్ళ గుమ్మాలు తొక్కితే తేలకేం, అనుకున్నాను.

మొదట మా వెనక లైను క్వార్టర్‌కే తీసుకెళ్ళాను. అక్కడుండేది రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ భార్య, నాకు వదిన వరస. ఆవిడ కూతురి కూతురు నా క్లాసులో అందరికంటే చురుకు. అక్షరం చూస్తే ఏడ్చిన పిల్ల ఇప్పుడు గోల్‌బజార్‌లో బోర్డు కనబడితే చదివి గానీ కదలదు, తెలుగైనా బెంగాలీ అయినా. పరిశోధనకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

"ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?" అని అమ్మాయి హిందీలో అడిగింది.

"హిందీ" అంది వదిన, నా వైపు చూడకుండా.

"పిల్లలు?"

"ఎవరూ లేరు. నేనూ, మా ఆయనే."

వెనక కర్టెన్ కింద చిన్న పాదాలు కనబడుతూనే ఉన్నాయి. నేను నోరు తెరవబోతే వదిన ఉరిమి చూసింది. ఆ తర్వాత ఇల్లిల్లూ అదే వరస. గుమ్మడికాయ దొంగ అంటే అందరూ భుజాలు తడుముకునేవాళ్ళే.

అమ్మాయి వెళ్ళాక వదినను నిలదీశాను.

"ఏటి టీచరమ్మా, తెలీనట్టు అడుగుతావు? అల్లుడూ కూతురూ పిల్లతో మా అవుట్‌హౌసులోనే ఉన్నారు గదా. అద్దెకిచ్చేసినామని రాసుకుపోతే? కోటరు కాళీ సెయ్యమంటే నీ ఇంట్లో ఉండమంటావేటి?"

"ఆమె క్వార్టర్లు అద్దెకిచ్చారేమోనని చెకింగుకి రాలేదు వదినా, క్లాసు కోసం వచ్చింది. ఇలా చెబితే క్లాసు పోతుంది."

"కిలాసెందుకు పోద్ది? నువ్వున్నావు కదా!"

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ భయం తప్పని కూడా అనలేకపోయాను. మర్నాడు అమ్మాయిని అడిగాను, ఈ వివరాలు రైల్వే ఆఫీసుకు వెళ్తాయా అని. పేర్లు రాయం, ఎవరికీ ఇవ్వం అని ఎంతో మర్యాదగా చెప్పింది. ఆ మర్యాద చూశాక నాకు అనుమానం ఇంకా పెరిగింది. ఎవరి ఇంటి గుట్టూ చెప్పకుండా, సాయంత్రం హాలుకొచ్చి క్లాసు చూడమన్నాను. కళ్ళతో చూస్తే ఇక చెప్పేదేముంది?

ఆమె వచ్చి ముందు వరసలో కూర్చుంది. పిల్లలు రాలేదు. చెకింగు మేడమ్ హాల్లో కాపుకాసిందని లైనంతా పాకిపోయిందట. బోర్డు మీద నేను రాసిన పాఠం ముందు మేమిద్దరమే కూర్చున్నాం. "రోజూ ఇంతేనా?" అని మెల్లగా అడిగింది. నేను అబద్ధమాడుతున్నానని ఆమెకు అనుమానం వచ్చిందని కళ్ళలోనే తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

కొన్నాళ్ళకు హాలు తలుపుకు తాళం, తాళం పక్కన బెంగాలీలో కమిటీ నోటీసు. ఆ సాయంత్రం నేను అక్కడ నిలబడి ఉండగానే వదిన మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. పిల్ల మడమలెత్తి నోటీసు గడగడా చదివి, అమ్మమ్మకు తెలుగులో చెప్పింది. కాలనీలో తెలుగు పిల్లలు లేరు కాబట్టి క్లాసు ఆపేశారట.

వదిన నన్ను పైనుంచి కిందికి చూసింది.

"పిల్లల్లేరని ఆళ్ళకి ఎవులు సెప్పినారు? ఆయమ్మని ఎంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది నువ్వే గదా, టీచరమ్మా!"