గీతను వంకర పోనిచ్చిన మేడం

మేడం పోయారని పొద్దున్నే ఆమె కూతురు ఫోన్ చేసింది. "అన్నా, అమ్మ పోయింది. పక్కనే ఉన్న, నాకు కన్నంటుకుంది" అంటూ ఆ చివరి మాటే మళ్లీ మళ్లీ చెప్పి ఏడ్చింది. నాకు మాత్రం ముందు హమ్మయ్య అనిపించింది. ఊపిరి కోసం మేడం పడ్డ అవస్థ చూసినవాళ్లెవరూ నన్ను తప్పుపట్టరు.

మేళ్లచెరువు వైపు ఓ సిమెంటు ఫ్యాక్టరీలో ఆమె ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరు, నేను ఫిట్టర్ని. రాష్ట్రం వచ్చిన కొత్తలో ఆమె మా దగ్గర చేరేనాటికి టవర్ పైనున్న నీళ్ల వాల్వు నా ప్రాణం తీస్తోంది. వేడి గాలిని చల్లబరిచే నీళ్లు దాని గుండానే పోతాయి. వేడి పిసరంత పెరిగితే వాల్వును నడిపే కంట్రోలర్ దాన్ని తెరిచేది, పిసరంత తగ్గితే మూసేది. రోజంతా అదే పని. లోపల అరిగిపోయి నీళ్లు కారేవి. బాగుచేయడానికి ఆ మెట్లన్నీ ఎక్కేది నేను. నా మోకాళ్ల సంగతి నా భార్యనడగండి, తిట్లతో సహా చెబుతుంది.

మేడం మొదట ఏమీ ముట్టుకోలేదు. చేతులు కట్టుకుని స్క్రీన్ చూస్తూ కూర్చున్నారు. పని రాదేమో అనుకున్నాను. వేడిలో ఏ తేడా దానంతటదే సర్దుకుంటుందో చూస్తున్నారట. తర్వాత చిన్న తేడాలను పట్టించుకోకుండా, పెద్దవాటికి నెమ్మదిగా కదిలేలా కంట్రోలర్‌ను సరిచేశారు.

అంతకుముందు స్క్రీన్ మీద వేడి గీత తాడు పట్టి గీసినట్టు ఉండేది. ఇప్పుడు కాస్త ఎగుడుదిగుడైంది. మేనేజర్‌కు నచ్చలేదు.

"ఫ్యాక్టరీ చూడ వచ్చినోళ్లకు గీ వంకర గీత చూపెట్టాల్నా మేడం?"

"జర వంకర పోతే ఏం కాదు సార్. ప్రతిదానికి ఉరికితే వాల్వు అరుగుతది."

ఆయన గొణిగారు గానీ మార్చమనలేదు. ఆ ఎండాకాలం నేను ఆ వాల్వు కోసం మెట్లెక్కలేదు. సంతోషం పట్టలేక మా బాపు నేసిన చీర తీసుకెళ్లి ఇచ్చాను. "గిదేంది, పని చేస్తే చీర పెడతరా?" అని నవ్వారు. క్రిస్మస్‌కు అదే కట్టుకున్నారు.

ఈమధ్య జబ్బు ముదిరి, ఆఖరికి దవాఖాన వద్దని ఇంటికి వచ్చేశారు. నేను చూడబోయిన రోజు, ఆమె దగ్గినా, దుప్పటి కదిలినా కూతురు లేచి నాడి పట్టుకుంటోంది. పిల్ల కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. నీళ్లు తేవడానికి ఆ అమ్మాయి లోపలికి పోగానే మేడం నాతో అన్నారు.

"దగ్గుకు గూడ ఉరుకుతాంది. అరిగిపోతాంది నా బిడ్డ. జర పండుకొమ్మని చెప్పు, నా మాట ఇంటలేదు."

చెప్పాను. నా మాటా వినలేదు.

ఇవాళ వెళ్లేసరికి ఆ అమ్మాయి గోడకు ఆనుకుని, "మేలుకొని ఉంటే బతికేదేమో అన్నా" అంటోంది. పక్కన కూర్చుని మేడం అన్న మాట చెప్పాను. "నువ్వు పండుకుంటలేవనే ఆమెకు ఫికర్. నువ్వు నిద్రపోంగ చూసి, నిమ్మలంగ పోయింది" అన్నాను. చూశారో లేదో నాకేం తెలుసు? అయినా అనేశాను.

"నిజంగ గట్ల అన్నదా?" అని అడిగింది. అన్నదన్నాను. కాసేపటికి తల్లి పక్కనే చాప మీద ఒరిగి నిద్రపోయింది.

ప్రార్థన మొదలుపెట్టబోయిన పాస్టరు గారు ఆ పిల్లను చూసి, బైబిలు మూసుకుని కూర్చున్నారు. ఇంటినిండా జనం. ఎవరూ ఆమెను లేపలేదు.