రాబర్ట్ సారు కప్పుకోని శాలువా

రాబర్ట్ సారు పార్టీ మారిండనీ, లీడరు జగన్మోహనరావు చేత శాలువా కప్పించుకొని సొంత బామ్మర్దినే నలుగుట్ల నవ్వులపాలు చేసిండనీ మా నాంపల్లి గల్లీల ఏడు నెలల నుంచి ఒక మాట తిరుగుతున్నది. కూరగాయల బండి దగ్గర విన్న, నల్లా దగ్గర విన్న. ఆఖరికి గౌలిగూడ బస్టాండుల ఎవరో నాకే చెప్పవట్టిన్రు. అది అబద్ధం. నేను నాలుగో తరగతి దాకనే చదివిన, గని ఆ మాట పుట్టిన సభల మూడో వరుసల కూసున్న. అంతకు ముందు జరిగినదాంట్ల నా చెయ్యి గూడ ఉన్నది. అందుకే రాస్తున్న.

రాబర్ట్ సారుది మెదక్. ఆబిడ్స్‌ల ఒక మిషన్ బడిల ముప్పై మూడేండ్లు సైన్సు ల్యాబు అటెండరుగ చేసి రిటైరయిండు. సారు అని మేం పిలుచుడే గని పాఠం చెప్పిన మనిషి కాదు. సీసాలు కడిగిండు, బీరువా తాళాలు మోసిండు. 1975ల బడోళ్లు పారేసే సామాన్ల ఒక థర్మామీటరు దొరికితే ఇంటికి తెచ్చి వరండాల ఉత్తరం గోడకు తగిలిచ్చిండు. బడి ఉన్నన్ని రోజులు పగటిపూట ఇంట్ల ఉండడు గదా. అందుకని ఎండాకాలం సెలవులల్ల, మే నెల ముప్పై ఒక్క రోజు, పగలు రెండింటికి చూసి నోటుబుక్కుల రాసుకునేది. ఆ నెల ఊరు కదిలేది లేదు.

"అందరు సెలవులకు పుట్టింటికి పోతరక్కా. నేను గీ గాజుపుల్లకు కావలి," అని ఆయన భార్య మాబెల్ నా దగ్గర మొత్తుకునేది.

మాబెల్‌కు పిల్లల్లేరు. తల్లి పోయినంక తమ్ముడు ప్రవీణ్ కుమార్‌ను తనే పెంచింది. ఇప్పుడాయన బషీర్‌బాగ్‌ల లెక్చరరు. పెండ్లయి వేరే ఉన్నా, ప్రతి ఆదివారం చర్చి అయినంక అక్క దగ్గరనే అన్నం. అన్నంతోని పాటు బావతోని లొల్లి. మా ఇంటికీ వాళ్లింటికీ నడుమ ఒక్కటే గోడ, నాకు అన్నీ వినొస్తయి. వినరాకుంటే లేసిపోయి వింట.

"భూమి వేడెక్కుతున్నది బావా. గీ మోటార్ల పొగ, ఫ్యాక్టరీల పొగ..."

"మా నాయిన కాలంల గూడ కాకులు ఎండకు సచ్చి పడేటియి. అప్పుడు ఎవని మోటారుండె?"

"మీదీ ఆ జగన్మోహనరావుదీ ఒక్కటే మాట!"

"ఆయన రోడ్డు కోసం అంటడు. నేను నమ్మక అంటున్న. జర పప్పు ఏసుకో."

జగన్మోహనరావు మా దిక్కు లీడరు. చెట్లు కొట్టి రోడ్డు వెడల్పు చెయ్యాలని ఆయన, వద్దని ప్రవీణ్ వాళ్ల సైన్సు సంఘం. ఎండల సంగతి ఎవరెత్తినా ఆఖరికి ఆ చెట్ల మీదికే వచ్చేది.

2003 మేల వడగాడ్పులకు మనుషులు రాలిపోయిన్రు. అప్పుడు ప్రవీణ్ బావ నోటుబుక్కులు కొంటపోయి లెక్క కట్టిండు. అంతకు ముందటి ఏండ్ల కంటె 1998 నుంచి మే ఎండ రెండున్నర డిగ్రీలు పెరిగింది. సారు తనే మళ్ల కట్టి చూసుకొని, ఆదివారం కంచం ముందట, "నువ్వన్నదే నిజమేమోరా," అన్నడు. ప్రవీణ్ ఎంగిలి చెయ్యితోనే బావను పట్టుకున్నడు. మాబెల్ సేమియా చేసి నాకూ ఒక గిన్నె పంపింది.

జూన్‌ల ప్రవీణ్ వాళ్ల సంఘమోళ్లు బషీర్‌బాగ్‌ల సభ పెట్టిన్రు. ఆ లెక్క పెద్ద గుడ్డ మీద రంగులతోని రాయించిన్రు. థర్మామీటరు గూడ పట్టుకరమ్మన్నరు. సభ మూడు రోజులుందనంగ సారు దాన్ని గోడ నుంచి తీసిండు. తీసి, గోడకు చెయ్యి ఆనిచ్చి, అట్లనే నిలవడ్డడు. వానకు మిగిలిన గోడలు సల్లవడ్డయి గని ఆ గోడ కాలుతున్నది. దాని అవతల బేకరోళ్లు రొట్టెలు కాల్చే భట్టి.

ఉత్తరం గోడకు ఉండాల్సిన థర్మామీటరు ఆ గోడకు ఎట్లొచ్చిందంటే, 1997 డిసెంబరుల సారు ఆపరేషనయి దవాఖానల ఉండె. క్రిస్మస్‌కు సున్నం ఎయ్యాలె గదా, ఆ గాజుకు మరకలయితయని మాబెల్ ఉత్తరం గోడ నుంచి తీసి, సున్నం ఆరినంక వరండాలనే వంటింటి దిక్కు గోడకు, క్యాలెండరు పక్కన పెట్టింది. స్టూలు పట్టుకున్నది నేనే. "గీడనే మంచిగ కనవడుతది మాబెల్" అన్నది గూడ నేనే. సారు వచ్చి చూసిండు. అది గూడ నీడనే గదా అని ఊకున్నడు. మేల అన్ని గోడలు కాలుతయి, ఎవరికి అనుమానమొస్తది?

బడి నుంచి ఇంకో థర్మామీటరు తెచ్చి పాత జాగల పెట్టి చూసిండు. బేకరీ గోడ కంటె రెండున్నర డిగ్రీలు తక్కువ.

అదే పొద్దుగూకంగ ప్రవీణ్‌ను పిలిచి చెప్పిండు.

"బావా, లోకమంత కొలుస్తున్నది. వేల జాగలల్ల పెరిగిందని తేలింది. మీ ఒక్క గోడతోని ఆ నిజం పోదు."

"పోనప్పుడు నా గోడ ఎందుకురా? ఆ గుడ్డ కట్టకు."

గుడ్డ కట్టిన్రు. సారు లేసి మైకు ముందట చెప్పిండు: "ఈ ఐదారేండ్ల లెక్క తప్పు. నేనే థర్మామీటరు జాగ మార్చిన. గిది ఎండ కాదు, బేకరీ." జనం పడి పడి నవ్విన్రు. ముందు వరుసల జగన్మోహనరావు చప్పట్లు కొట్టిండు. "నేనే" అన్నప్పుడు మాబెల్ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. ఇద్దరం లేసి నిజం చెప్పలే. ఆ సిగ్గు నాకు ఇంక పోలేదు.

తెల్లారి జగన్మోహనరావు మనుషులు శాలువా పట్టుకొచ్చింది నిజమే. సారు తలుపుకు అడ్డం నిలవడ్డడు.

"ఎండ పెరగలేదని నేనన్ననా? నా లెక్క తప్పన్న."

"రెండూ ఒక్కటే గద సార్."

"కాదు బాబు. కొంటపోండ్రి."

శాలువా ఎట్లొచ్చింది అట్లనే పోయింది. చెట్లు ఆగస్టుల పోయినయి. ఆ ఆదివారాలు గూడ. నేను ప్రవీణ్ కాలేజీకి పోయి స్టూలు సంగతి చెప్పిన. "స్టూలు ఎవరు పట్టుకుంటే ఏంది పెద్దమ్మా? చెట్లు పోయినయి," అన్నడు. మొన్న క్రిస్మస్‌కు గూడ రాలే. మాబెల్ మూడు కంచాలు కడిగి ఒకటి లోపల పెట్టింది.

పోయిన వారం సారు వరండాల ఒక్కడే కూసున్నడు. నాకు కడుపుల మాట ఆగదు.

"సారూ, ఆ పార్టీ ఈ పార్టీ వద్దు. గాజుపుల్ల ముచ్చట గూడ వద్దు. నీ నోటితోని చెప్పు, ఎండ పెరిగిందా, లేదా?"

తువ్వాలతోని మెడ తుడుచుకున్నడు.

"పెరిగిందనే అనిపిస్తది వీరమ్మక్కా. గని అది నా ఒళ్లు చెప్తున్నది. డెబ్బై ఏండ్ల ఒంటికి ఏ ఎండైనా ఎక్కువనే ఉంటది. దాన్ని సాక్ష్యం పెట్టి ప్రవీణ్‌ను మళ్ల అన్నానికి ఎట్ల పిలువాలె?"